ఎదురింటాయన దవడ

ఎన్నికల ఫలితాలు వచ్చిన సాయంత్రం డాక్టరమ్మ ఒక ముసలాయన పన్ను పీకుతోంది. పైవరసలో చివరిది. వేర్లు ఎముకను కరుచుకుని ససేమిరా రానంటోంది. పట్టకారుతో దాన్ని అటూ ఇటూ ఊపుతూ, "అయిపోయింది తాతగారూ, ఇంకొక్క నిమిషం" అని ఆమె అంటూ ఉండగానే కిటికీ అద్దం భళ్ళున పగిలింది. నిప్పులు కక్కుకుంటూ ఒక టపాకాయల సరం గదిలోకి వచ్చి పడింది.

ముసలాయన కుర్చీలో ఎగిరిపడ్డాడు. పట్టకారు జారి ఆయన బుగ్గను లోపలివైపు చీరేసింది. సరం గచ్చు మీద పాములా మెలికలు తిరుగుతూ మందుల బీరువా కిందికి దూరి, అక్కడ పేలడం మొదలుపెట్టింది. ఆమె ముసలాయన తలను రొమ్ముకు అదుముకుని, తన వీపును అడ్డం పెట్టి నిలబడింది. భుజం దగ్గర తెల్లకోటు కాలి చర్మం చుర్రుమంది.

బయట వీధి నిండా గెలిచినవాళ్ళు. లారీలు, జెండాలు, ఈలలు. "పళ్ళ డాక్టరమ్మా! మీవాళ్ళ పళ్ళన్నీ రాలగొట్టాం! కట్టుడు పళ్ళు పెట్టు!" అని ఎవడో అరిచాడు. లారీ మొత్తం విరగబడి నవ్వింది. పొగలోంచి ఆమె ఒక్క ముఖాన్నే పోల్చుకోగలిగింది. ఎదురింటి కరెంటాయన. చొక్కా విప్పి తలకు చుట్టుకుని, మెడలో రంగుబల్బుల తీగ వేసుకుని లారీ మీద చిందులు తొక్కుతున్నాడు. అద్దం పగలడం చూశాడు. చూసి కూడా నవ్వు ఆపలేదు.

ఆమె ముసలాయన బుగ్గకు కుట్లు వేసింది. "ఇంతకీ పన్ను ఊడిందా తల్లీ?" అని అడిగాడాయన, నోట్లో దూదితో. ఊడింది. ఆయన్ని మనవడి బండి ఎక్కించి వచ్చి, చేతులు కడుక్కుని ఆమె మేడ ఎక్కింది.

మేడ మీద హాల్లో టీవీ మోగుతోంది. కాలేజీలో పాఠాలు చెప్పే ఆమె భర్త, ఆయన దగ్గరకు రోజూ వచ్చే స్నేహితులు తలలు పట్టుకుని కూర్చున్నారు. ఊళ్ళోని పుస్తకాల కొట్టుకు నిప్పు పెట్టారట. కొట్టాయన చెయ్యి విరగ్గొట్టారట. ఆమె గుమ్మంలోనే నిలబడి, కాలిన భుజం చూపించకుండా, "వెళ్ళిపోదాం" అంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"ఆ ఆస్పత్రివాళ్ళు రమ్మంటున్నారుగా. సముద్రాలు దాటి వెళ్ళడం ఎందుకని ఇన్నాళ్ళూ నేనే నాన్చాను. ఇక చాలు. ఈ మనుషుల మధ్య నేను ఉండలేను."

స్నేహితుల్లో పెద్దవాడు వకీలు. ఆయన గొంతు సవరించుకుని, "మీలాంటివాళ్ళు కూడా వెళ్ళిపోతే ఈ దేశం ఏం కావాలమ్మా?" అన్నాడు. అని ఒక్క క్షణం ఆగి, "అక్కడ వకీళ్ళకేమన్నా దారి ఉందేమో కనుక్కోండి" అన్నాడు.

ఎవరికీ నవ్వు రాలేదు. ఆ హాల్లో ఎవరు ఏం చెప్పినా మిగతావాళ్ళకు ముందే తెలుసు. ఒకరు తానా అంటే మిగతా అందరూ తందానా అనేవాళ్ళే. ఓడిపోతామని ఒక్కరూ అనుకోలేదు, ఎందుకంటే ఓడిపోతామని అనుకునే మనిషి ఒక్కడూ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ సాయంత్రం కూడా అదే పాట: వాళ్ళు మనుషులు కారు, వాళ్ళకు భాష అర్థం కాదు. ఆమె కూడా తలూపింది. భుజం మండుతుంటే ఇంకాస్త గట్టిగా ఊపింది.

"మాట్లాడితే చెవికెక్కే రకం కాదు వాళ్ళు," అన్నాడు వకీలు. "ఎవడో ఒకడు గట్టిగా బుద్ధి చెప్పాలి."

"చెప్పాలి, చెప్పాలి," అన్నారందరూ.

గోడకు ఆనుకుని నిలబడ్డ మరిది వేళ్ళు విరుచుకున్నాడు. ఆమె కాపురానికి వచ్చేనాటికి పలక పట్టుకుని తిరిగేవాడు. చిన్నోడు, చిన్నోడు అని ఆమే పిలిచి పిలిచి ఆ పేరు ఖాయం చేసింది. ఇప్పుడు గుమ్మం ఎత్తు మనిషయ్యాడు. అందరి ముఖాలూ ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండో రోజు ఉదయం గెలిచిన నాయకుడు ఊళ్ళోకి వస్తున్నాడని వీధులు కడుగుతున్నారు. డాక్టరమ్మ మేడ మీద కిటికీ దగ్గర పళ్ళు తోముకుంటూ నిలబడింది. ఎదురింటి ముందు కరెంటాయన నిచ్చెన ఎక్కి, స్తంభానికి రంగుబల్బుల తీగ కడుతున్నాడు. నడుముకు తోలుపట్టీ, అందులో కటింగ్ ప్లయరు, టెస్టరు. పళ్ళ మధ్య నల్ల టేపు ముక్క పట్టుకుని, రెండు చేతులతో తీగ మెలిపెడుతున్నాడు. ఆ పనితనం చూస్తే ఆమెకు కోపం వచ్చింది. పాపిష్టివాళ్ళకు కూడా పని ఇంత శుభ్రంగా ఎలా వస్తుందో అనుకుంది.

మోటారు సైకిలు ఒకటి వచ్చి నిచ్చెన కింద ఆగింది. ముగ్గురు దిగారు. ముఖాలకు గుడ్డలు కట్టుకున్నారు గానీ ముందు దిగినవాడి నడక ఆమెకు తెలుసు. చిన్నప్పుడు విరిగిన కాలు కాస్త వంకరగా అతుక్కుని, ఎడమపాదం బయటికి వేసి నడుస్తాడు.

వాడు నిచ్చెన మొదలు పట్టుకుని లాగేశాడు.

కరెంటాయన తీగతో సహా కిందపడ్డాడు. బల్బులు టపటపా పగిలాయి. లేవబోయి మోకాళ్ళ మీద ఉండగా మిగతా ఇద్దరూ చెరో చెయ్యీ వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఆయన తలెత్తి ముందు నిలబడ్డవాణ్ణి చూశాడు. ఏదో అనబోయాడు. నోట్లో టేపు ముక్క ఇంకా అలాగే ఉంది. చిన్నోడు ఇనుప రాడ్డును రెండు చేతులా పట్టుకుని, పక్క నుంచి తిప్పి ముఖం మీద కొట్టాడు. ఆ చప్పుడు మేడ మీదికి వినబడింది. రెండో దెబ్బ పక్కటెముకల మీద పడింది. ముందుకు బోర్లా పడిపోయాక, పడ్డవాణ్ణి కాలితో వెల్లకిలా తిప్పి, మళ్ళీ రాడ్డెత్తాడు. ఎక్కడో ఆడమనిషి కేక వినిపించి దాన్ని పారేసి పరుగెత్తాడు. మోటారు సైకిలు మలుపు తిరిగింది. రోడ్డు మీద కరెంటాయన తన పళ్ళను తనే వెతుక్కుంటున్నట్టు అరచేత్తో మట్టిని తడుముతున్నాడు.

బ్రష్షు ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఆమె భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి, కిటికీ తెర లాగేసింది. భర్త ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డాడో తెలియదు.

"ఇటు రా," అన్నాడు గొంతు తగ్గించి.

"మన చిన్నోడు."

"నువ్వేం చూడలేదు. నేనూ చూడలేదు. అర్థమైందా?"

ఆమె నోటి నురగ గోడ పక్కన ఉమ్మేసి, చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగింది.

నాయకుడి బండ్ల కోసం రోడ్లన్నీ ఆపేశారు. పెద్దాస్పత్రికి ఫోన్ చేస్తే అంబులెన్సు బయలుదేరిందన్నారు గానీ, అది ఎక్కడో తాళ్ళు కట్టిన చోట నిలిచిపోయింది. కరెంటాయన గొంతులోకి నెత్తురు దిగి గురగురమంటోంది. ఆమే ఒక పక్కా, ఆయన భార్య ఒక పక్కా చంకల కింద చేతులేసి క్లినిక్కులోకి ఈడ్చుకొచ్చారు.

"వేరే దిక్కు లేక తెచ్చాను," అంది భార్య రొప్పుతూ. వీధి చివర కుళాయి దగ్గర మాట్లాడితే ఆవిడ గొంతు ఇక్కడికి వినిపిస్తుంది. "మీవాళ్ళే కొట్టారు, మీ దగ్గరికే తెచ్చాను. నా ఖర్మ! చంపేస్తే ఇక్కడే చంపెయ్యి, కళ్ళారా చూస్తాను."

"తర్వాత తిడుదురుగాని. ఈ గొట్టం పట్టుకోండి. నోట్లో నెత్తురు ఎక్కడ కనిపిస్తే అక్కడ పెట్టి లాగెయ్యండి."

దవడ రెండు చోట్ల విరిగింది. ఎడమవైపు పళ్ళవరస మెట్టులా కిందికి జారిపోయింది. ముందు రెండు పళ్ళు లేవు. చిగురు చీలి ఎముక అంచు తెల్లగా కనబడుతోంది. ఆమె సూదిమందు ఇచ్చి, మొద్దుబారేదాకా ఆగి, బొటనవేళ్ళు నోట్లో పెట్టి, మిగతా వేళ్ళు గడ్డం కింద పెట్టి, విరిగిన ముక్కను పైకి నొక్కింది. కటుక్కుమంది. కరెంటాయన మడమలు కుర్చీ మీద టపటపా కొట్టుకున్నాయి. భార్య గొట్టం వదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి, నోటితో తిడుతూనే ఉంది, చెయ్యి మాత్రం చెప్పిన చోటికి కచ్చితంగా వెళుతోంది.

పళ్ళకు బయటివైపు సన్నటి లోహపు పట్టీ ఆనించి, ఒక్కొక్క పన్ను చుట్టూ తీగ తిప్పి మెలిపెట్టింది. పైవరసకు ఒక పట్టీ, కిందివరసకు ఒకటి. తర్వాత రెండు వరసలనూ కలిపి, పైదానికీ కిందిదానికీ తీగలు వేసి బిగించింది. పళ్ళూ పళ్ళూ కరుచుకుని నోరు మూతబడింది. తీగ కొసలు గుచ్చుకోకుండా లోపలికి వంచింది.

"ఆరు వారాలు ఇలాగే ఉండాలి. పల్చటి తిండి, పళ్ళ సందుల్లోంచి తాగాలి. మాట్లాడాలంటే సందుల్లోంచే మాట్లాడాలి."

"ఎవరు కొట్టారు?" అంది భార్య ఉన్నట్టుండి. "మీ ఇంటి ముందేగా! చూశారా మీరు?"

కుర్చీలో వాలిన కరెంటాయన కళ్ళు తెరిచాడు. కొట్టినవాడెవడో ఆయనకు తెలుసని ఆ చూపు చెప్పింది. ఆమె ఏమంటుందో వినడానికి ఎదురుచూస్తున్నాడని కూడా చెప్పింది. ఆమె చేతి తొడుగులు లాగి బుట్టలో పడేసి, "ముందు ఈయన్ని పడుకోబెట్టండి," అంది.

ఆ సాయంత్రం హాల్లో వకీలు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"తాగి నిచ్చెన మీంచి పడ్డాడట. పడి, మనవాళ్ళు కొట్టారని ఏడుపు!"

"సానుభూతి కోసం వాళ్ళే కొట్టుకుని ఉంటారు," అన్నారింకొకరు.

"నిచ్చెన మీంచే పడ్డాడు. అందరూ చూశారు."

డాక్టరమ్మ టీ కప్పుల పళ్ళెం బల్ల మీద పెట్టింది. "ఎవరు చూశారు?"

"అందరూ చూశారమ్మా. నా ఫోన్‌లో పొద్దుటినుంచి అదేగా."

"నేను చూశాను," అంది ఆమె. "నిచ్చెన లాగారు. ఇద్దరు పట్టుకున్నారు. ఒకడు రాడ్డుతో కొట్టాడు. కొట్టింది చిన్నోడు."

వకీలు టీ కప్పు అందుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు: "కిటికీలోంచి చూశారు కదమ్మా. దూరం. ముఖాలకు గుడ్డలు. మనసు బాగాలేనప్పుడు కంటికి ఏవేవో కనిపిస్తాయి."

"ముఖాలకు గుడ్డలున్నాయని మీకెలా తెలుసు? నిచ్చెన మీంచి పడ్డాడన్నారుగా ఇప్పుడే!"

వకీలు టీ తాగాడు. ఇంకెవరో అందుకున్నారు. సరే, కొట్టారే అనుకో, వాళ్ళు పుస్తకాల కొట్టు తగలబెట్టలేదా? మీ కిటికీలో నిప్పు వెయ్యలేదా? ఆ లారీ మీద వాడు గంతులు వెయ్యలేదా? ప్రతిదానికీ తలలు ఊగుతున్నాయి. ఆమె భర్త వైపు చూసింది. ఆయన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున చిన్నోడు వంటింట్లోకి వచ్చాడు. తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. "ఆకలేస్తోంది వదినా," అన్నాడు, ఎప్పుడూ అన్నట్టే. ఆమె పొయ్యి ముందు నుంచి కదలలేదు.

"ఎందుకు కొట్టావురా?"

"వాడు మన కిటికీలోకి నిప్పు వేసినప్పుడు నీ ఒళ్ళు కాలలేదూ?"

"వేసింది ఆయన కాదు."

"వాడు కాకపోతే వాడిలాంటివాడు." గోడకు ఆనుకున్నాడు. వాడి ముఖంలో పశ్చాత్తాపం కోసం వెతికిందామె. మార్కులు చూపించడానికి వచ్చిన పిల్లాడి సంబరం కనిపించింది. "ఒక్క దెబ్బ వదినా. ఇదిగో ఇక్కడ." చెయ్యి చాచి ఆమె గడ్డం పట్టుకున్నాడు, ఎడమ దవడ మీద బొటనవేలు నొక్కాడు. "ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. నువ్వు చెప్పు, డాక్టరువేగా, ఎన్ని ముక్కలైంది?"

"వదులు."

"స్టేషన్‌కి వెళ్తానని అన్నయ్యతో అన్నావట."

"వదలరా!"

వాడు వదల్లేదు. బొటనవేలు ఇంకా లోపలికి దిగింది. పెదవి పంటి మీద తెగి నోట్లో ఉప్పగా తగిలింది. ఆమె వెనక్కి తడిమి, పొయ్యి మీది అట్లకాడ అందుకుని వాడి మణికట్టు మీద కొట్టింది. వాడు కేకేసి ఆమెను తోశాడు. నడుము గట్టుకు కొట్టుకుని ఆమె కూలబడింది. మరుగుతున్న నీళ్ళ గిన్నె ఒరిగి, ముంజేతి మీద కొంత, గచ్చు మీద కొంత పడింది. గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. "ఒరేయ్, వద్దురా," అన్నాడు. అడుగు మాత్రం లోపల పెట్టలేదు.

చిన్నోడు చెయ్యి రుద్దుకుంటూ, ఇప్పుడు ఏడుపుగొంతుతో అన్నాడు: "రోజూ హాల్లో కూచుని మీరన్నదేగా నేను చేసింది! మీరు నోటితో కొట్టారు, నేను చేత్తో కొట్టాను. నన్నొక్కణ్ణే అంటావేం?"

ఆమె గట్టు పట్టుకుని లేచింది. కాలిన చేతిని కుళాయి కింద పెట్టుకుని, నీళ్ళు పారుతుంటే అలాగే నిలబడింది. భర్త సంచీ సర్దుతున్నాడు. "వీణ్ణి దూరంగా దింపేసి వస్తాను. ఈలోగా నువ్వూ బట్టలు సర్దుకో. వారంలో వెళ్ళిపోదాం. ఎటూ వెళ్ళేవాళ్ళం, ఈ రొచ్చులో కాలు పెట్టడం ఎందుకు?"

"వెళ్ళేవాళ్ళకు కళ్ళుండవా?"

ఆయన సంచీ జిప్పు లాగేశాడు. అన్నదమ్ములిద్దరూ వెనకదారిన వెళ్ళారు. ఆమె చేతికి కట్టు కట్టుకుని, ముందు దారిన పోలీసు స్టేషన్‌కు వెళ్ళింది.

అధికారి కుర్చీలో అధికారి లేడు. గెలిచిన పార్టీ వార్డు నాయకుడు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. అధికారి పక్కన స్టూలు మీద ఉన్నాడు. ఆమెను చూడగానే నాయకుడు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"రండమ్మా, రండి. మీరు వస్తారని నాకు తెలుసు. న్యాయం మా పక్షాన ఉంది."

ఆమె తను చూసింది చూసినట్టు చెప్పింది. చిన్నోడి పేరు కూడా చెప్పింది. అధికారి కలం ఆపి నాయకుడి ముఖం చూశాడు.

"ముగ్గురేనా?" అన్నాడు నాయకుడు. "పన్నెండు మంది కదా!"

"ముగ్గురు. కొట్టింది ఒకడు."

"మీ ఆయన మేడ మీంచి 'చంపెయ్యండిరా' అని అరిచాడట. ఆ వకీలు బండి కూడా వీధి చివర ఉందట."

"ఎవరు చెప్పారు?"

"అందరికీ తెలుసమ్మా. అందరూ విన్నారు."

నిన్న హాల్లో విన్న మాటే. గొంతు ఒకటే మారింది. "నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన ఏమీ అనలేదు."

"చూడండి," నాయకుడు ముందుకు వంగాడు, "ముగ్గురైతే వీధి తగాదా. పన్నెండైతే కుట్ర. మాకు కుట్ర కావాలి. మీరు ఊ అంటే చాలు, మిగతాది వీళ్ళు రాసుకుంటారు."

"నేను ఊ అనను. ముగ్గురని రాస్తే సంతకం పెడతాను."

నాయకుడు గుప్పిట్లోని పొట్టు బల్ల మీద రాల్చాడు. "అంటే మొగుణ్ణి కాపాడుకోవడానికి వచ్చారన్నమాట! ఆ మాటా అందరికీ తెలుస్తుందిలెండి."

తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. ఇంటికి వచ్చేసరికి భర్త స్నేహితుల్లో ఒకావిడ ఫోన్ చేసి, "కన్నబిడ్డలాంటివాణ్ణి పట్టించావు, నీ చెయ్యి పడిపోను!" అని పెట్టేసింది. ఎండ వాలేవేళకు అవతలివాళ్ళు వచ్చారు.

ముందు రాళ్ళు పడ్డాయి. తర్వాత తలుపు. దాన్ని దేనితో కొట్టారో, గడియ చెక్కతో సహా ఊడి వచ్చింది. క్లినిక్కులోకి పది పదిహేను మంది చొరబడ్డారు. ఒకడు రోగుల కుర్చీ తోలును నిలువునా కోశాడు. ఒకడు దీపం మెడ విరిచాడు. అరల్లోని పళ్ళ అచ్చులను, ఎవరెవరి నోళ్ళో కొలిచి పోసిన సుద్దపళ్ళను, చేటలతో చెత్త విసిరినట్టు గోడకేసి కొట్టారు. ఆమె పనిముట్ల పెట్టెను పొట్టకు హత్తుకుని మూలకు జరిగింది. ఎవడో జుట్టు పట్టి ముందుకు లాగాడు. పెట్టె జారిపోయింది. చెంప మీద కొట్టారు. కింద పడితే వీపు మీద తన్నారు. "పన్నెండు మంది పేర్లు చెప్పు!" అని ఒక గొంతు. "దీన్నీ ఇంటినీ కలిపి తగలెయ్యండిరా!" అని ఇంకొకటి. డబ్బా మూత తీసిన చప్పుడైంది. కిరసనాయిలు వాసన గుప్పుమంది. చల్లగా ఆమె కాళ్ళ మీద పడింది.

"ఎవర్రా అది!"

ఆ కేక వీధి వీధంతా విన్నది. కరెంటాయన భార్య జనాన్ని మోచేతులతో పొడుచుకుంటూ లోపలికి వచ్చింది. ఒక చేత్తో మొగుడి చొక్కా పట్టుకుని ఈడ్చుకొస్తోంది. ఆయన పక్కటెముకలు పట్టుకుని వంగి నడుస్తున్నాడు. ముఖం గుమ్మడికాయలా ఉబ్బి నల్లబడింది.

"వదినా, నువ్వు పక్కకి జరుగు," అన్నాడు డబ్బా పట్టుకున్నవాడు. "అన్నని కొట్టించిన ఇల్లు ఇది."

"ఎవడ్రా నీకు వదిన?" ఆవిడ వాడి చెంప ఛెళ్ళుమనిపించింది. డబ్బా కిందపడి దొర్లింది. "చూడండ్రా ఈ నోరు!" మొగుడి పెదవులను రెండు వేళ్ళతో విడదీసి అందరికీ చూపించింది. తీగలు మెరిశాయి. "ఆరు వారాలు దీన్ని బిగించాలి, చూడాలి, చివరికి విప్పాలి. ఈవిణ్ణి తగలేస్తే ఎవడు విప్పుతాడు? మీ నాయకుడు వస్తాడా పట్టకారు పట్టుకుని? మాట్లాడరేం? వస్తాడా అని అడుగుతున్నా!"

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. నవ్విన తర్వాత ఆ గదిలో ఏదో సడలింది. అయినా ఒకడు, "పన్నెండు మంది మీద పడి కొట్టారు అన్నని. ఊరుకోవాలా?" అని గొణిగాడు.

కరెంటాయన కోసిన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఒక్కడే," అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

"ఏంటన్నా?"

"కొట్టింది ఒక్కడే. ఇద్దరు పట్టుకున్నారు. పన్నెండు లేరు." మాట మాటకీ ఉమ్మి పెదవుల మీదికి వస్తోంది. "ఆవిడ చెప్పింది నిజం."

అందరూ ఆయన వైపు చూశారు. అంతవరకూ ఆయన కోసం తగలబెట్టడానికి వచ్చినవాళ్ళే, ఇప్పుడు ఆయనేదో వాళ్ళ చేతిలోది లాక్కున్నట్టు చూశారు. "దెబ్బకి బుర్ర కూడా పోయినట్టుంది," అన్నాడు ఒకడు. మరొకడు గుమ్మంలో ఉమ్మేశాడు. ఒక్కొక్కరే బయటికి నడిచారు. వెళ్తూ వెళ్తూ ఎదురింటి గోడకు ఆనించిన నిచ్చెనను రోడ్డు మీద పడేసి, మెట్టు మెట్టూ తొక్కి విరిచారు. కరెంటాయన కదలకుండా ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు.

మర్నాడు ఉదయం భర్త ఫోన్ చేశాడు. చిన్నోడు క్షేమంగా ఉన్నాడట. టిక్కెట్లు కూడా దొరికాయట.

"నేను రావడం లేదు," అంది ఆమె. నోరు వాచి మాట ముద్దగా వచ్చింది.

"వెళ్ళిపోదాం అన్నది నువ్వే కదా!"

"నేనే. ఆ మనుషుల మధ్య ఉండలేననుకున్నాను. అక్కడికీ ఆ హాలే తీసుకెళ్తారు మీరు. అదే కుర్చీలు, అవే మాటలు."

"కోర్టులో వాడి పేరు చెప్తావా?"

"చెప్తాను. మీ పేరు ఎవరెన్ని విధాల చెప్పమన్నా చెప్పను. మీరేం చెయ్యలేదు కదా."

ఆయన ఫోన్ పెట్టేశాడు. కిందనుంచి చీపురు చప్పుడు వస్తోంది. దిగి చూస్తే కరెంటాయన భార్య సుద్దపళ్ళను, గాజుపెంకులను ఒక పక్కకు ఊడుస్తోంది. కరెంటాయన వంటింటి చెక్కకుర్చీలో కూర్చుని ఉన్నాడు. "రాత్రి తీగొకటి తెగింది. పొద్దున్నే లాక్కొచ్చాను," అందావిడ, తలెత్తకుండానే.

దీపం లేదు. ఆమె కుర్చీని గుమ్మం దగ్గరకు లాగి, ఎండ నోట్లో పడేలా ఆయన తల వాల్చింది. ఏరుకొచ్చిన పనిముట్లు మరిగించి, తెగిన తీగ తీసి కొత్తది పెట్టింది. కాలిన చేత్తో మెలితిప్పడం కష్టంగా ఉంది.

"మీవాళ్ళు పట్టకారు కూడా సరిగ్గా మిగల్చలేదు," అంది విసుగ్గా.

"మీవాళ్ళు నాకు దవడ మిగిల్చారా?"

"కదలకండి."

"అయినా," అన్నాడు పళ్ళ సందుల్లోంచి, "వచ్చేసారీ మేమే గెలుస్తాం."

"ఈ నాలుగు రోజుల నిర్వాకం చూశాక కూడా?"

"మీవాళ్ళు అన్నేళ్ళు ఉండి ఏం ఊడబొడిచారు?" ఆవేశంలో లేవబోయి, పక్కటెముకలు కలుక్కుమని మళ్ళీ కూలబడ్డాడు.

"మాట్లాడకండి, తీగ తెగుతుంది."

"మీరు అనొచ్చు, నేను అనకూడదా?"

"అననివ్వండి డాక్టరమ్మా," అంది భార్య చీపురు ఆపి. "ఇన్నేళ్ళ కాపురంలో ఎందుకు వాళ్ళకే ఓటేస్తున్నాడో నాకు ఒక్కనాడూ చెప్పలేదు. నేనూ వింటాను."

డాక్టరమ్మ కొస వంచి, పట్టకారు కింద పెట్టింది. స్టూలు దగ్గరకు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"సరే, చెప్పండి. ఏం చెయ్యలేదు మావాళ్ళు?"

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. బిగించిన పళ్ళ మధ్య మాటలు సగం సగం నలిగి వస్తున్నాయి. దూరం నుంచి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఆమె ముందుకు వంగి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.